పరిశోధనా స్థానాల్లో సమాచార భద్రత: యూనిక్స్ వ్యవస్థలో బ్యాకప్ కొరకు డిస్క్ విభజన

క్షేత్ర ప్రయోగం ద్వారా లభించే సమాచారానికి ఒక ప్రత్యేకత ఉంది. ప్రయోగశాలలో ఒక రసాయన విశ్లేషణ విఫలమైతే, మట్టి నమూనా మిగిలి ఉన్నంతవరకు దానిని తిరిగి చేయవచ్చు. కాని ఒక ఖరీఫ్‌లో కురిసిన వర్షాన్ని, ఆ వర్షానికి వరి పైరు చూపిన ప్రతిస్పందనను, ఆ ఏడాది సుడిదోమ ఆశించిన తీరును మరొక ఖరీఫ్‌లో పునఃసృష్టించడం సాధ్యం కాదు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో లాస్, గిల్బర్ట్ 1843లో ప్రారంభించిన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970లో ప్రారంభించిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల సమన్వయ పథకంలో తెలంగాణలోని జగిత్యాల కూడా ఒక కేంద్రం. ఇటువంటి ప్రయోగాల విలువ ఏ ఒక్క సంవత్సరపు దిగుబడి అంకెల్లోనూ లేదు. సంవత్సరాల వరుస తెగకుండా ఉండటంలో ఉంది. మధ్యలో రెండు మూడు సంవత్సరాల లెక్కలు లోపిస్తే సేంద్రియ కర్బనంలోని మార్పు వంటి నిదానమైన ధోరణిని నమ్మకంగా అంచనా వేయడం కష్టమవుతుంది.

పూర్వం ఈ సమాచారం క్షేత్ర పుస్తకాల్లో, బీరువాల్లో ఉండేది. చెదలు, తేమ దానికి శత్రువులు. ఇప్పుడు దిగుబడి పట్టికలు, స్వయంచాలిత వాతావరణ కేంద్రాల నమోదులు, డ్రోన్ ఛాయాచిత్రాలు, నేల పటాలు అన్నీ కంప్యూటర్ డిస్క్‌లపైకి చేరాయి. ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్, క్యూజీఐఎస్ వంటి పటాల సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తూ లినక్స్‌పై చక్కగా పనిచేస్తున్నందున, సమాచారాన్ని భద్రపరచే ఉమ్మడి కంప్యూటర్‌ను లినక్స్‌పై నడపడం పరిశోధకులకు అనుకూలంగా ఉంటుంది. చెదపురుగు కనీసం ఆనవాలు చూపించి తింటుంది. డిస్క్ మాత్రం ఎక్కువ సందర్భాల్లో ఏ హెచ్చరికా లేకుండానే ఆగిపోతుంది. కనుక రెండవ ప్రతిని ఉంచడానికి డిస్క్‌ను ఎలా సిద్ధం చేయాలి, ఎంత స్థలం కేటాయించాలి, ఏ ప్రమాదాలను ముందే ఊహించాలి అనే విషయాలు కంప్యూటర్ నిపుణులకు మాత్రమే పరిమితమైనవి కావు. సమాచారాన్ని సేకరించే శాస్త్రవేత్తలకు కూడా తెలిసి ఉండవలసినవి.

విభాగం, దాని స్వభావం

యూనిక్స్‌ను 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్, బర్క్‌లీ విశ్వవిద్యాలయపు యూనిక్స్ నుండి వచ్చిన ఫ్రీబీఎస్‌డీ ఆ సంప్రదాయానికి చెందినవే. ఈ వ్యాసంలోని వివరాలు ప్రధానంగా లినక్స్‌కు సంబంధించినవి; ఫ్రీబీఎస్‌డీలో ఆదేశాల పేర్లు మారినా సూత్రాలు మారవు.

డిస్క్ అంటే వరుస సంఖ్యలు కలిగిన చిన్న చిన్న గళ్ల సముదాయం. ఏ సంఖ్య నుండి ఏ సంఖ్య వరకు ఒక విభాగమో తెలిపే పట్టిక డిస్క్ మొదట్లో ఉంటుంది. ఈ విభాగాన్నే పార్టిషన్ అంటారు. పొలంలో గట్లు వేసి మడులుగా విభజించినట్లే, డిస్క్‌లో ఈ పట్టిక హద్దులు నిర్ణయిస్తుంది. అయితే హద్దులు గీసినంత మాత్రాన మడి సాగుకు సిద్ధం కాదు. విభాగంలో ఫైల్ వ్యవస్థను నిర్మించాలి. ఆ తరువాత దానిని ఏదో ఒక డైరెక్టరీ వద్ద జతపరచాలి. ఈ జతపరచడాన్నే మౌంట్ చేయడం అంటారు.

విండోస్‌లో వలె సీ, డీ అనే అక్షరాలతో విడివిడి డ్రైవ్‌లు యూనిక్స్‌లో ఉండవు. ఉన్నది ఒకే చెట్టు. ఎన్ని డిస్క్‌లు ఉన్నా అవి ఆ చెట్టు కొమ్మలుగానే కనిపిస్తాయి. ఒక డైరెక్టరీలోకి ఫైలు రాస్తున్న ప్రోగ్రాముకు అది ఏ డిస్క్‌పైకి చేరుతున్నదో తెలియవలసిన అవసరం లేదు. ఇది గొప్ప సౌలభ్యం. బ్యాకప్ విషయంలో ఇదే ఒక పెద్ద ప్రమాదానికి మూలమవుతుంది. దానిని తరువాత విపులంగా చర్చించడం జరిగింది.

ఒకే డిస్క్‌పై రెండు విభాగాలు చాలవు

కొత్తగా లినక్స్ స్థాపించుకునేవారు తరచుగా చేసే ఏర్పాటు ఒకటి ఉంది. కంప్యూటర్‌లోని ఏకైక డిస్క్‌ను రెండుగా విభజించి, ఒకదానిలో అసలు సమాచారాన్ని, రెండవదానిలో దాని ప్రతిని ఉంచుతారు. ప్రయోగ రూపకల్పన చదివిన విద్యార్థికి ఇందులోని లోపం వెంటనే స్ఫురించాలి. ఒకే ప్లాటు నుండి నాలుగు నమూనాలు తీసి, వాటిని నాలుగు పునరావృతులుగా విశ్లేషణలో చూపిన విద్యార్థిని ఏ పరిశోధనా మార్గదర్శీ అంగీకరించడు. ఆ నాలుగు నమూనాలకు నేల ఒక్కటే, నీరు ఒక్కటే, తెగులు సోకితే అన్నింటికీ ఒకేసారి సోకుతుంది. స్వతంత్రత లేని చోట సంఖ్య పెరిగినా సమాచారం పెరగదు. డిస్క్ విభాగాల విషయమూ అంతే. మోటారు ఆగిపోయినా, విద్యుత్ ప్రవాహంలో ఒడుదొడుకు వల్ల సర్క్యూట్ బోర్డు కాలిపోయినా, విభజన పట్టిక చెరిగిపోయినా రెండు విభాగాలూ కలిసే పోతాయి.

అలాగని ఒకే డిస్క్‌లో విభాగాలు చేయడం పూర్తిగా నిరుపయోగం కాదు. ఒక విభాగం నిండిపోయినపుడు మరొకటి నిండదు. ఒక ఫైల్ వ్యవస్థ పాడైనపుడు పక్కది సాధారణంగా క్షేమంగా ఉంటుంది. పొరపాటున చెరిపిన ఫైలును తిరిగి తెచ్చుకోవడానికి కూడా ఉపకరించవచ్చు. దానిని బ్యాకప్ అని పిలవడమే సరికాదు.

రెండు డిస్క్‌లను జతచేసి ఒకదానిలో రాసినది రెండవదానిలోనూ తక్షణమే రాసే రెయిడ్ అద్దపు పద్ధతిపై కూడా ఇటువంటి అపోహే ఉంది. ఒక డిస్క్ ఆగినా పని ఆగకుండా చూడటం దాని ప్రయోజనం. ఒక సహాయకుడు పొరపాటున రబీ పట్టికను చెరిపితే, ఆ పద్ధతి రెండవ డిస్క్‌లోనూ అదే క్షణంలో నమ్మకంగా చెరుపుతుంది. కావున బ్యాకప్ విభాగం ప్రత్యేకమైన, వేరు డిస్క్‌పై ఉండాలి. అందులో నిన్నటి స్థితి మాత్రమే కాక గత వారం, గత నెల స్థితి కూడా లభించాలి.

ఎంత స్థలం అవసరం

అసలు సమాచారానికి రెట్టింపు స్థలం ఉంటే చాలుననే స్థూల నియమం ప్రచారంలో ఉంది. ఈ నియమం కొన్ని చోట్ల అతిగా, కొన్ని చోట్ల బొత్తిగా చాలకుండా తేలుతుంది. సరైన అంచనాకు సమాచారాన్ని రెండు రకాలుగా విడదీయాలి. ఒకసారి రాసిన తరువాత మారనిది ఒక రకం. డ్రోన్ ఛాయాచిత్రాలు, స్కాన్ చేసిన క్షేత్ర పుస్తకాలు, వాతావరణ కేంద్రపు నెలవారీ నమోదులు దీనికి చెందుతాయి. రోజూ తిరగరాయబడేది రెండవ రకం. డేటాబేస్ ఫైళ్లు, తెరిచి సవరించే పట్టికలు దీనికి చెందుతాయి.

ఆర్‌సింక్ అనే సాధనంతో తేదీవారీ ప్రతులు తీసుకునే పద్ధతిలో, మారని ఫైలును మళ్లీ నకలు చేయవలసిన పని లేదు. ముందు రోజు ప్రతిలో ఉన్న ఫైలుకే కొత్త తేదీ డైరెక్టరీలో మరొక పేరు తగిలించబడుతుంది. దీనిని హార్డ్ లింక్ అంటారు. ప్రతి తేదీ డైరెక్టరీ పూర్తి నకలుగానే కనిపిస్తుంది, కాని మారని ఫైలు డిస్క్‌పై ఒక్కసారే స్థలం తీసుకుంటుంది. మారిన ఫైలు మాత్రం, అందులో ఒక్క అంకె మారినా, మొత్తంగా కొత్త స్థలం ఆక్రమిస్తుంది.

ఒక పరిశోధనా స్థానంలో 300 జీబీ సమాచారం ఉన్నదని, ఏటా 100 జీబీ చొప్పున పెరుగుతుందని, బ్యాకప్ డిస్క్‌ను నాలుగు సంవత్సరాలు వాడదలచారని అనుకుందాం. మారని సమాచారానికి 300, పెరుగుదలకు 400, కలిపి 700 జీబీ కావాలి. రోజూ తిరగరాయబడే ఫైళ్లు 500 ఎంబీ ఉన్నాయనుకుంటే, 30 దినవారీ ప్రతులు, 12 నెలవారీ ప్రతులు కలిపి 42 ప్రతులకు 21 జీబీ అవుతుంది. ఇంతవరకు 721 జీబీ. అదే ప్రతి తేదీకీ మొత్తం 300 జీబీని విడిగా నకలు చేస్తే నేటి సమాచారానికే 12,600 జీబీ, అంటే 12.6 టీబీ కావలసి వచ్చేది. పద్ధతి ఎంపిక స్థలాన్ని ఎంతగా నిర్ణయిస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఈ లెక్కలో సాధారణంగా విస్మరించే అంశం ఒకటి ఉంది. ఒక ఋతువు ఛాయాచిత్రాలున్న డైరెక్టరీ పేరును ఎవరైనా మార్చితే, ఆర్‌సింక్ దృష్టిలో అది పాతది పోయి కొత్తది వచ్చినట్లే. ఆ ఫైళ్లన్నీ మళ్లీ నకలు అవుతాయి. ఫైళ్ల యాజమాన్యాన్ని, అనుమతులను మూకుమ్మడిగా మార్చినా ఫలితం ఇదే. ఛాయాచిత్రాల డైరెక్టరీలకు పంట, ఋతువు, సంవత్సరం, ప్రయోగ సంఖ్యలతో ఒక స్థిరమైన నామకరణం ముందే నిర్ణయించుకుంటే ఈ వ్యర్థం తప్పుతుంది. అయినప్పటికీ ఒక ఋతువు పరిమాణమైన 50 జీబీని అదనంగా చేర్చుకోవడం వివేకం. మొత్తం 771 జీబీ. విభాగం 80 శాతానికి మించి నిండకుండా చూసుకోవాలంటే 964 జీబీ అవుతుంది. స్థూలంగా 1 టీబీ విభాగం సరిపోతుంది.

డిస్క్ కొన్నపుడు పెట్టెపై 4 టీబీ అని ఉండి, కంప్యూటర్‌లో 3.6 అని కనిపిస్తే మోసం జరిగినట్లు భావించనవసరం లేదు. తయారీదారులు టీబీని లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. అనేక యూనిక్స్ సాధనాలు రెండు యొక్క 40వ ఘాతాన్ని ప్రమాణంగా తీసుకుంటాయి. ఆ లెక్కన 4 టీబీ డిస్క్ 3.64గా కనిపిస్తుంది. లెక్కలు వేసేటపుడు రెండింటినీ కలపకూడదు.

హద్దుల నిర్ణయం

విభజన పట్టికల్లో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. 1983 నాటి పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పట్టికలో నాలుగు ప్రాథమిక విభాగాలకు మాత్రమే చోటుంది. 512 బైట్ల గళ్లున్న డిస్క్‌లో సుమారు 2.2 టీబీకి మించిన భాగాన్ని అది గుర్తించలేదు. జీపీటీ పట్టికలో సాధారణంగా 128 విభాగాలకు చోటుంటుంది. పైగా పట్టిక ప్రతి ఒకటి డిస్క్ చివర కూడా భద్రపరచబడుతుంది. నేటి బ్యాకప్ డిస్క్‌లకు జీపీటీనే ఎంచుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఏ డిస్క్‌పై చేస్తున్నారో నిర్ధారించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు డిస్క్‌కు శాశ్వతమైనవి కావు. కంప్యూటర్ ఆన్ అయినపుడు ఏది ముందు గుర్తింపబడితే దానికి ముందు అక్షరం దక్కుతుంది. నిన్న ఎస్‌డీబీగా ఉన్న ఖాళీ డిస్క్, నేడు మరొక డిస్క్ చేర్చిన కారణంగా ఎస్‌డీసీ కావచ్చు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో పరిమాణం, నమూనా పేరు, క్రమసంఖ్య మూడింటినీ చూపించుకుని, డిస్క్‌పై అంటించిన చీటీలోని క్రమసంఖ్యతో సరిపోల్చాలి. ఫ్రీబీఎస్‌డీలో ఈ పనికి క్యామ్‌కంట్రోల్, విభజనకు జీపార్ట్ ఉన్నాయి.

లినక్స్‌లో విభజనకు ఎఫ్‌డిస్క్, పార్టెడ్ అనే రెండు సాధనాలు ప్రసిద్ధం. పార్టెడ్ ప్రతి ఆదేశాన్నీ అప్పటికప్పుడే డిస్క్‌పై అమలు చేస్తుంది. ఎఫ్‌డిస్క్ మార్పులను జ్ఞాపకంలో ఉంచుకుని, డబ్ల్యూ అనే అక్షరం ఇచ్చిన తరువాతే డిస్క్‌పై రాస్తుంది. క్యూ అనే అక్షరంతో ఏ మార్పూ లేకుండా బయటకు రావచ్చు. నేర్చుకునేవారికి రెండవదే శ్రేయస్కరం. ఎఫ్‌డిస్క్‌లో జీ అక్షరంతో జీపీటీ పట్టిక, ఎన్ అక్షరంతో కొత్త విభాగం ఏర్పడతాయి. మొదటి విభాగం 2048వ గడి వద్ద ప్రారంభం కావాలని సాధనమే సూచిస్తుంది. నేటి డిస్క్‌లు లోపల 4096 బైట్ల గళ్లతో పనిచేస్తున్నందున ఈ ప్రారంభ స్థానం వాటి హద్దులతో సరిగా కలుస్తుంది. ఆ సూచనను మార్చవలసిన కారణం ఏదీ లేదు.

4 టీబీ డిస్క్‌లో 1 టీబీ విభాగం చేస్తే మిగిలినదానిని ఏం చేయాలనే ప్రశ్న వస్తుంది. డిస్క్ కేవలం క్షేత్ర సమాచారానికే అయితే మొత్తం ఒకే విభాగంగా ఉంచడంలో తప్పు లేదు. కాని అదే డిస్క్‌పై ఆపరేటింగ్ సిస్టమ్ నకలు, మరొక విభాగపు సమాచారం కూడా ఉంచదలచినపుడు విభజించడం మేలు; ఒకరి పెరుగుదల మరొకరి స్థలాన్ని మింగదు. అటువంటి సందర్భంలో మిగిలినదంతా ముందే పంచివేయకుండా, 1 టీబీ విభాగానికి వెంటనే తరువాతి స్థలాన్ని ఖాళీగా వదలాలి. విభాగాన్ని పెంచడం సులువు, తగ్గించడం కష్టం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థనైతే కుదించే వీలే ఉండదు. ఈఎక్స్‌టీ4ను వాడుకలో ఉండగానే పెంచవచ్చు. తగ్గించాలంటే దానిని విడదీయాలి.

ఫైల్ వ్యవస్థ

బయట కొన్న యూఎస్‌బీ డిస్క్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ రూపంలో వస్తాయి. వాటిని అలాగే తగిలించి బ్యాకప్ తీయడం విస్తృతంగా కనిపించే అలవాటు. ఎక్స్‌ఫ్యాట్‌లో యూనిక్స్ యాజమాన్యం, అనుమతులు నిలవవు; హార్డ్ లింక్‌లు అసలే లేవు. పైన చెప్పిన తేదీవారీ పద్ధతి అక్కడ పనిచేయదు. పాత ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైలుకు చోటే లేదు. కనుక కొత్త విభాగంలో ఈఎక్స్‌టీ4 లేదా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను నిర్మించాలి. పరిశోధనా స్థానాల అవసరాలకు ఈఎక్స్‌టీ4 సరిపోతుంది. పాడైన ఫైళ్లను తానే గుర్తించే జడ్‌ఎఫ్‌ఎస్ మరింత మెరుగైనదే, అయితే దానిని నిర్వహించగల వ్యక్తి స్థానంలో ఉన్నపుడే ఎంచుకోవాలి.

ఎంకేఎఫ్‌ఎస్ ఆదేశంతో ఈఎక్స్‌టీ4 నిర్మించేటపుడు ఒక పేరు తగిలించడం మంచిది. ఈ ఫైల్ వ్యవస్థ 5 శాతం స్థలాన్ని రూట్ వినియోగదారునికి ప్రత్యేకిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న విభాగంలో అది అవసరమే. 1 టీబీ బ్యాకప్ విభాగంలో మాత్రం 50 జీబీ పక్కకు పోతుంది. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో దానిని 1 శాతానికి తగ్గించవచ్చు. ఫైళ్ల సంఖ్యను పరిమితం చేసే ఐనోడ్‌లు సాధారణంగా 16 కేబీకి ఒకటి చొప్పున ఏర్పడతాయి. 1 టీబీకి సుమారు 6.1 కోట్లు, ఇక్కడ కొరత రాదు.

మౌంట్ కాని డిస్క్

బ్యాకప్ ఏర్పాట్లలో అతి ప్రమాదకరమైన పరిస్థితి డిస్క్ పాడవడం కాదు. డిస్క్ జతపడకపోయినా ప్రతులు తీస్తున్నట్లే అంతా సాగిపోవడం.

ఒక రాత్రి విద్యుత్ అంతరాయం తరువాత కంప్యూటర్ తిరిగి ప్రారంభమైనపుడు యూఎస్‌బీ తీగ వదులై బ్యాకప్ డిస్క్ జతపడలేదనుకుందాం. బ్యాకప్ అనే డైరెక్టరీ మాత్రం చెట్టులో అలాగే ఉంది, ఖాళీగా. నిర్ణీత సమయానికి క్రాన్ ఆర్‌సింక్‌ను నడిపిస్తుంది. ఆర్‌సింక్ ఆ డైరెక్టరీలోకి రాస్తుంది. రాసినదంతా ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మూల విభాగంలోకి చేరుతుంది. ముందు రోజు ప్రతి అక్కడ కనిపించదు కనుక 300 జీబీ మొత్తం కొత్తగా నకలు కావడం మొదలవుతుంది. మూల విభాగం చిన్నదైతే తెల్లవారేసరికి నిండిపోయి డేటాబేస్ ఆగిపోతుంది. అది ఒకందుకు మేలే, లోపం బయటపడుతుంది. మూల విభాగం పెద్దదైతే ఏ దోషమూ కనిపించదు. ప్రతులు రోజూ తయారవుతున్నట్లే ఉంటాయి, అసలు ఉన్న డిస్క్‌పైనే. తరువాత ఎప్పుడో డిస్క్‌ను తిరిగి జతపరచినపుడు ఆ ఫైళ్లన్నీ దాని కింద మరుగున పడి, స్థలం ఎక్కడికి పోయిందో డీయూ ఆదేశం కూడా చెప్పలేని స్థితి ఏర్పడుతుంది.

దీనికి నివారణ ఒక్క చోట కాక కొన్ని అంచెలుగా ఉండాలి. ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక్కో విభాగానికి ఆరు అంశాలున్న ఒక వరుస ఉంటుంది. మొదటి అంశంగా ఎస్‌డీబీ1 వంటి పేరు కాక, ఫైల్ వ్యవస్థకు శాశ్వతంగా ఉండే యూయూఐడీ సంఖ్యను రాయాలి. బీఎల్‌కేఐడీ ఆదేశం దానిని చూపుతుంది. నాలుగవ అంశంలో నోఫెయిల్ అనే మాట చేర్చాలి. అది లేకపోతే డిస్క్ కనిపించనపుడు కంప్యూటర్ కొంతసేపు వేచి చూసి, అత్యవసర స్థితిలో నిలిచిపోతుంది. నిర్వాహకుడు దూరాన ఉన్న పరిశోధనా స్థానంలో ఇది పనిని పూర్తిగా స్తంభింపజేస్తుంది. ఐదవ అంశం డంప్ అనే ప్రాచీన బ్యాకప్ సాధనం కాలపు గుర్తు, సున్నాగా వదలవచ్చు. ఆరవది ఫైల్ వ్యవస్థ పరీక్ష క్రమం, మూల విభాగం కానందున 2.

నోఫెయిల్ చేర్చినపుడు కంప్యూటర్ డిస్క్ లేకుండానే ప్రారంభమవుతుంది, అంటే పైన వివరించిన ప్రమాదానికి తలుపు తెరిచినట్లే. కనుక దానితోపాటు మరో రెండు రక్షణలు తప్పనిసరి. డిస్క్ జతపరచకముందు ఖాళీ బ్యాకప్ డైరెక్టరీకి సీహెచ్‌ఏటీటీఆర్ ఆదేశంతో మార్చరాని గుణం ఇవ్వాలి. ఆ తరువాత డిస్క్ జతపడి ఉంటే రాయడం మామూలుగా సాగుతుంది. లేకపోతే రూట్ వినియోగదారుడు కూడా అక్కడ ఒక్క ఫైలు సృష్టించలేడు. సాధారణ అనుమతులు తొలగించడం ఇందుకు చాలదు, రూట్‌కు అవి అడ్డు కావు. ఫ్రీబీఎస్‌డీలో సీహెచ్‌ఫ్లాగ్స్ ఇదే పని చేస్తుంది. రెండవది, నకలు తీసే స్క్రిప్టు మొదటి వరుసలోనే మౌంట్‌పాయింట్ అనే ఆదేశంతో జతపడినదీ లేనిదీ పరీక్షించి, లేకపోతే ఆగిపోయి బాధ్యులకు ఈమెయిల్ పంపాలి.

నకలు సమయంలో తప్ప మిగతా వేళల్లో విభాగాన్ని చదవడానికి మాత్రమే అనుమతించే రీతిలో జతపరచడం మరొక మంచి అలవాటు. దీనివల్ల పొరపాటు చెరిపివేతల నుండి రక్షణ లభిస్తుంది. ఫైళ్లను తాళం వేసి సొమ్ము అడిగే హానికర సాఫ్ట్‌వేర్ రూట్ అధికారం సంపాదిస్తే మాత్రం ఇది ఆపలేదు. తీగ తీసి పక్కన పెట్టిన డిస్క్ ఒక్కటే దానికి అందదు.

ప్రతుల విశ్వసనీయత

నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా నకలు చేయరాదు. నకలు మొదలైన క్షణానికీ, ముగిసిన క్షణానికీ మధ్య కొన్ని భాగాలు మారిపోయి, తిరిగి తెరవలేని ప్రతి మిగలవచ్చు. ముందుగా డేటాబేస్‌కు చెందిన డంప్ సాధనంతో మొత్తం సమాచారాన్ని ఒక ఫైలుగా వెలువరించి, దానిని నకలు చేయాలి.

హార్డ్ లింక్ పద్ధతికి ఒక పరిమితి ఉంది. 42 తేదీల డైరెక్టరీల్లో ఒకే ఛాయాచిత్రం కనిపించినా డిస్క్‌పై ఉన్నది ఒక్కటే. ఆ గళ్లు పాడైతే 42 చోట్లా పాడవుతుంది. పునరావృతి గురించి పైన చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది. అందువల్ల ఒకే రకంగా సిద్ధం చేసిన రెండు డిస్క్‌లను వారానికొకటి చొప్పున మార్చి వాడుతూ, వాడుకలో లేనిదానిని వేరొక భవనంలో ఉంచాలి. అగ్ని ప్రమాదం, వరద, దొంగతనం గది మొత్తానికి సంబంధించినవి.

ప్రతి తయారైందనడానికి ఆర్‌సింక్ దోషం చూపకపోవడం తగిన రుజువు కాదు. నెలకొకసారి గత ఋతువుకు చెందిన కొన్ని ఫైళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుని, బ్యాకప్ నుండి వేరొక డైరెక్టరీలోకి తెచ్చి, షా256 సంకేత సంఖ్యలను అసలు ఫైళ్లతో పోల్చాలి. నమూనా ఎంపికకు యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక వాడే శాస్త్రవేత్తలకు ఇది కొత్త పని కాదు. ఖరీఫ్ నాట్లకు ముందు, పని ఒత్తిడి తక్కువగా ఉన్న వేసవిలో, మరొక కంప్యూటర్‌పై డేటాబేస్‌ను పూర్తిగా పునరుద్ధరించి ఒక పాత విశ్లేషణను తిరిగి నడిపి, ప్రచురించిన సగటులు వస్తున్నాయో లేదో చూడాలి. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం డిస్క్ ఆరోగ్య సూచికలను చూపుతుంది. స్థానాంతరం చెందిన గళ్ల సంఖ్య పెరుగుతున్నట్లు కనిపిస్తే కారణాలు వెదకకుండా డిస్క్ మార్చడమే సరైనది.

విస్తరణ శాస్త్రవేత్తల డిస్క్‌లకు అదనపు జాగ్రత్త అవసరం. వాటిలో దిగుబడులతోపాటు రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, సర్వే నంబర్లు, కొన్నిసార్లు బ్యాంకు ఖాతాల వివరాలు ఉంటాయి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. చట్టం మాట అటుంచినా, నమ్మి వివరాలు ఇచ్చిన రైతు సమాచారం ఒక సంచిలో బస్సు ప్రయాణం చేసే డిస్క్‌పై తెరిచి ఉండటం తగదు. భవనం దాటే డిస్క్‌పై, ఫైల్ వ్యవస్థ నిర్మించడానికి ముందే, విభాగాన్ని ఎల్‌యూకేఎస్ పద్ధతిలో సంకేతీకరించాలి. తరువాత చేయాలంటే విభాగాన్ని ఖాళీ చేసి మొదటి నుండి ప్రారంభించడమే సాధారణంగా సురక్షితమైన మార్గం. సంకేతీకరించిన విభాగపు శీర్షిక భాగం చెడిపోతే, సంకేతపదం తెలిసినా సమాచారం తెరుచుకోదు; కనుక క్రిప్ట్‌సెటప్ సాధనంతో ఆ శీర్షిక ప్రతిని విడిగా తీసి మరొక చోట ఉంచాలి. సంకేతపదం, డిస్క్‌ల క్రమసంఖ్యలు, యూయూఐడీ సంఖ్యలు, ఎస్‌ఎఫ్‌డిస్క్‌తో వెలువరించిన విభజన పట్టిక, పునరుద్ధరణకు ఇవ్వవలసిన ఆదేశాల వరుస, ఈ ఐదింటినీ కాగితంపై ముద్రించి, సీలు వేసిన కవరులో స్థానాధిపతి బీరువాలో ఉంచి, నిర్వాహకుడు బదిలీ అయినపుడు బాధ్యతల అప్పగింత పత్రంలో ఆ కవరును కూడా నమోదు చేయాలి.